కీమో మొదలయ్యాక తీసిన ఎఫ్‌ఎల్‌టీ3 టెస్టు "నెగెటివ్" అంటే నమ్మొచ్చా?

కిరణ్_తెనాలి
మా అక్కవాళ్లాయనకి ఏఎంఎల్ (వేగంగా ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్) అని తేలింది, వయసు 41. తెల్లకణాలు లక్ష దాటాయని ఆ రాత్రే అడ్మిట్ చేసుకుని మర్నాడే 7+3 కీమో (ఏడు రోజులు ఒక మందు, మూడు రోజులు ఇంకో మందు) మొదలెట్టారు. అంతవరకు ఎవరినీ ఏమీ అనను. కానీ మూలుగ తీసిన రోజు ఫ్లో సైటోమెట్రీకి (కణాల రకం చూసే టెస్టు), సైటోజెనెటిక్స్‌కి (క్రోమోజోముల టెస్టు) పంపారు గానీ ఎఫ్‌ఎల్‌టీ3 అనే జన్యువు టెస్టుకి పంపలేదట. కీమో అయిపోయి కణాలన్నీ పడిపోయాక ఒక సీనియర్ డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి "ఎఫ్‌ఎల్‌టీ3 రిపోర్టేదీ" అని అడిగితే అప్పుడు రక్తం తీసి పంపారు. "మ్యుటేషన్ కనపడలేదు" అని వచ్చింది, కాబట్టి దానికి సంబంధించిన మాత్ర అక్కర్లేదంటున్నారు. క్యాన్సర్ కణాలే లేని రక్తంలో ఆ కణాల మ్యుటేషన్ ఎలా కనపడుతుంది? ఆసుపత్రి పేరు రాయను, ఇంకా అక్కడే ఉన్నాం. కానీ చాలా కోపంగా ఉంది. ఇలా ఇంకెవరికైనా జరిగిందా?

సుజాత_ఖమ్మం
మా నాన్నకి మొదటి రోజే పంపారు. నాలుగో రోజుకి పాజిటివ్ అని ఫోన్ వచ్చింది, ఎనిమిదో రోజు నుంచి ఆ మాత్ర, మిడోస్టారిన్, మొదలుపెట్టారు. అది ఆలస్యంగా పంపే టెస్టు కాదు. మీ కోపంలో న్యాయం ఉంది.

ల్యాబ్_పద్మ
మాలిక్యులర్ ల్యాబ్‌లో పనిచేస్తాను, మీరు అడిగింది సరైన ప్రశ్న. మామూలు పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కని కాపీలు చేసి చూసే) పద్ధతిలో శాంపిల్‌లోని మ్యుటేషన్ కాపీలు వందలో ఓ ఐదు వరకు ఉంటేనే నమ్మకంగా కనపడతాయి. బ్లాస్టులు, అంటే క్యాన్సర్ కణాలు, పోయాక తీసిన రక్తంలో నెగెటివ్ వస్తే "రోగం మొదట్లో ఈ మ్యుటేషన్ లేదు" అని అర్థం కాదు. ఆ శాంపిల్‌లో చూడ్డానికి ఏమీ దొరకలేదు, అంతే.

ఇంకా చెయ్యి దాటిపోలేదు. మొదటి రోజు తీసిన మూలుగ ఎక్కడో ఒకచోట మిగిలి ఉండే అవకాశం ఉంది. ముందు సైటోజెనెటిక్స్ ల్యాబ్‌కి ఫోన్ చేయండి. క్రోమోజోములు చూశాక మిగిలిన కణాలను మిథనాల్, ఎసిటిక్ యాసిడ్ కలిపిన ద్రవంలో ఫ్రీజర్‌లో దాస్తారు, దాన్నుంచి డీఎన్‌ఏ తీయొచ్చు. ఫ్లో చేసిన ల్యాబ్‌లో పర్పుల్ మూత ట్యూబు మిగిలిందేమో అడగండి. హెమటాలజీలో రంగు వేయని మూలుగ స్లైడ్లు ఉంటే గీరి కూడా డీఎన్‌ఏ తీస్తారు. బయాప్సీ ముక్క మాత్రం ఆఖరి దారి, ఎముకని మెత్తబరచడానికి యాసిడ్ వాడి ఉంటే అందులో డీఎన్‌ఏ చాలావరకు పాడైపోయి ఉంటుంది. ఆలస్యం చేయకండి, ఏ ల్యాబూ శాంపిళ్లని కలకాలం దాచదు.

నల్లమల22
అసలు ఈ ఎఫ్‌ఎల్‌టీ3 ఏంటో ఎవరైనా మామూలు మాటల్లో చెబుతారా? మా ఫ్రెండ్ వాళ్లమ్మ రిపోర్టులో కూడా ఈ పేరు చూశా.

హెమటో_రెసిడెంట్
రక్తకణాలు పుట్టే తొలిదశ కణాల పైపొర మీద ఉండే ఒక రిసెప్టర్ అది, టైరోసిన్ కైనేజ్ (కణం లోపలికి కబురు అందించే ఎంజైమ్) రకం. బయటి నుంచి దాని జోడీ ప్రొటీన్ వచ్చి అతుక్కుంటే లోపలికి "పెరుగు, విడిపో" అని కబురు వెళ్తుంది. ప్రొటీన్ లేనప్పుడు ఊరుకోవాలి. మ్యుటేషన్ వచ్చాక ఊరుకోదు. బోరు మోటారు స్టార్టర్ ఆన్‌లోనే అతుక్కుపోతే ట్యాంకు నిండినా నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి చూడండి, అలాంటిదే.

మ్యుటేషన్ ముఖ్యంగా రెండు రకాలు. ఐటీడీ అనేదాంట్లో జన్యువులో ఓ ముక్క రెండోసారి వచ్చి పక్కనే చేరుతుంది. దీన్ని 1996లో జపాన్ వాళ్లు మొదట రిపోర్ట్ చేశారు. ఏఎంఎల్ ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఉంటుంది. రెండోది టీకేడీ, ఎక్కువగా 835వ అమైనో ఆమ్లం దగ్గర ఒక్క అక్షరం మారడం, నూటికి ఏడుగురికి అటూ ఇటూగా. ఐటీడీ ఉంటే తెల్లకణాలు విపరీతంగా పెరగడం, కీమోకి తగ్గినా మళ్లీ తిరగబెట్టడం ఎక్కువ. కిరణ్ గారూ, లక్ష దాటిన కౌంట్ అన్నారు కాబట్టి నాకైతే ఈ టెస్టు సంగతి మొదటి రోజే తట్టాల్సింది.

బుల్లోడు_కాకినాడ
మా మావయ్య రక్త క్యాన్సర్‌కి ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటా ఏళ్ల తరబడి బండి మీద తిరిగేస్తున్నాడు. అదీ టైరోసిన్ కైనేజ్ మందేగా? మీ బావకి అదే ఇచ్చేయొచ్చు కదా, చవక కూడా.

హెమటో_రెసిడెంట్
మీ మావయ్యగారిది సీఎంఎల్ (నెమ్మదిగా ముదిరే వేరే రకం) అయి ఉంటుంది. అక్కడ పాడయ్యేది బీసీఆర్-ఏబీఎల్, అది కణం లోపల ఉండే కైనేజ్, పైపొర రిసెప్టర్ కాదు. ఇమాటినిబ్ ఎఫ్‌ఎల్‌టీ3ని ఆపలేదు. ఏ కైనేజ్ పాడైందో తెలుసుకోవడానికే ఈ టెస్టులన్నీ. మావయ్యగారు ఇంకా చాలాకాలం బండి నడపాలి.

బుల్లోడు_కాకినాడ
హెల్మెట్ పెట్టుకోమని చెప్పండి డాక్టర్ గారూ, మా మాట వినట్లేదు.

జీనోమ్_రవి
ఈ రోజుల్లో ఎన్‌జీఎస్ ప్యానెల్ (చాలా జన్యువుల్ని ఒకేసారి చదివే టెస్టు) పంపితే ఎఫ్‌ఎల్‌టీ3, ఎన్‌పీఎం1, కిట్, ఐడీహెచ్ లాంటి జన్యువులన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. విడిగా ఒక్కో జన్యువుకీ పీసీఆర్ అంటే డబ్బు దండగ అని నా అభిప్రాయం.

ల్యాబ్_పద్మ
@జీనోమ్_రవి ఒప్పుకోను. ఒకటి, టైమ్. చాలాచోట్ల ప్యానెల్ రావడానికి రెండు మూడు వారాలు. మాత్ర మొదలెట్టాల్సింది ఎనిమిదో రోజు. రెండు, పొడుగాటి ఐటీడీలు. మూడు బేస్‌ల నుంచి నాలుగొందల బేస్‌ల దాకా ఏ సైజులోనైనా ఉంటాయవి. ఎన్‌జీఎస్‌లో డీఎన్‌ఏని చిన్నచిన్న ముక్కలుగా చదువుతారు, పొడుగు ఐటీడీని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టక వదిలేసిన కేసులు మేము చూశాం. పాత పద్ధతిలో అయితే పీసీఆర్ చేసి సన్నని గొట్టంలో (క్యాపిలరీ) పరిగెత్తిస్తే మామూలు కాపీ 330 బేస్‌ల దగ్గర ఒక శిఖరంగా కనపడుతుంది, ఐటీడీ ఉంటే దానికి కుడివైపు ఇంకో శిఖరం. పొడుగున్నా దాక్కోవడం కష్టం. రెండ్రోజుల పని.

జీనోమ్_రవి
పొడుగు ఐటీడీల కోసమే రాసిన ప్రోగ్రాములు ఇప్పుడున్నాయి మేడమ్, మా పైప్‌లైన్‌లో వాటిని వాడుతున్నాం. ప్యానెల్ వల్ల ఇంకో లాభం, పక్కనే డీఎన్‌ఎంటీ3ఏ, టీపీ53 లాంటివి ఉన్నాయో లేదో తెలుస్తుంది, రిస్క్ లెక్క వాటిని బట్టి మారిపోతుంది. కానీ టైమ్ విషయంలో మీతో వాదించను. ఎఫ్‌ఎల్‌టీ3కి త్వరగా వచ్చే టెస్టు, దాంతోపాటే ప్యానెల్, రెండూ మొదటి రోజే పంపాలి.

ల్యాబ్_పద్మ
అది సరే. ఇంకోటి, ట్యూబులు. డీఎన్‌ఏ టెస్టుకి పర్పుల్ మూత, అంటే ఈడీటీఏ. సైటోజెనెటిక్స్‌కి ఆకుపచ్చ మూత, అందులో హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. ఆకుపచ్చది మాకు పంపి రిపోర్టు అడిగేవాళ్లు వారానికొకరైనా ఉంటారు.

సుజాత_ఖమ్మం
మా అత్తకి చెప్పి పంపాలి ఈ పని. పాతికేళ్ల కిందటి పెళ్లిలో ఎవరు ఏ రంగు పట్టుచీర కట్టారో ఇప్పటికీ చెబుతుంది.

శ్రీను_నిజామాబాద్
నేనొక మాట అంటాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మాత్రే కొనలేనివాడికి ఈ టెస్టు ఎందుకు? మా తమ్ముడికి పాజిటివ్ అని చెప్పి మందు ఖరీదు చెప్పారు. ఎకరం అమ్మినా కొన్ని నెలలకి కూడా సరిపోదు. తెలియకుండా ఉంటేనే మనశ్శాంతి ఉండేదేమో అనిపించింది మా అమ్మకి.

హెమటో_రెసిడెంట్
శ్రీను అన్నా, మీరన్నదాంట్లోని బాధ రోజూ వార్డులో చూస్తాను. అయినా టెస్టు వద్దనను. పాజిటివ్ అని తెలిస్తే మారేది మాత్ర ఒక్కటే కాదు. మొదటిసారి రోగం తగ్గగానే మూలుగ ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం దీని మీద చాలా ఆధారపడుతుంది. పాజిటివ్ అయితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకి హెచ్‌ఎల్‌ఏ పరీక్ష (మూలుగ కలుస్తుందో లేదో చూసేది) మొదటి నెలలోనే చేయించొచ్చు, ఒక్కొక్కరూ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. అది ఆలస్యమైతే రోగం మనకోసం ఆగదు.

ఖరీదైన మాత్ర దొరకనిచోట మన దేశంలో చాలామంది డాక్టర్లు సోరాఫెనిబ్ వైపు చూస్తారు. ఏఎంఎల్‌కి అది అధికారికంగా ఆమోదం పొందిన మందు కాదు, కానీ ఐటీడీని ఆపుతుంది. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఇచ్చి చూసిన జర్మనీ, ఆస్ట్రియా ట్రయల్ ఒకటుంది, సోర్‌మెయిన్ అని, 83 మంది. రెండేళ్లకి రోగం తిరగబెట్టకుండా బతికున్నవాళ్లు సోరాఫెనిబ్ వైపు 85 శాతం, మందు లేని ఉత్తి మాత్ర వైపు 53 శాతం. చిన్న ట్రయలే, అయినా తేడా పెద్దది. అరచేతులు, అరికాళ్లు మండి పొక్కడం, బీపీ పెరగడం ఉంటాయి, డోసు సర్దుకుంటూ వెళ్తారు.

డల్లాస్_వేణు
సోరాఫెనిబ్ మాట వచ్చింది కాబట్టి, అది మన దగ్గర ఇంత చవకవడం వెనక హైదరాబాద్ కంపెనీ నాట్కో ఉంది. బేయర్ కంపెనీ మందు నెలకి 2,80,000 పైచిలుకు ఉండేది. 2012 మార్చిలో మన పేటెంట్ ఆఫీసు నాట్కోకి కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ వేరేవాళ్లదైనా తయారుచేసుకునే అనుమతి) ఇచ్చింది, దేశంలో అదే మొదటిది. నెలకి 8,880 రూపాయలకి అమ్మాలని షరతు. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2014లో ఓడిపోయింది. అప్పట్లో లివర్, కిడ్నీ క్యాన్సర్ల కోసం జరిగిన పోరాటం, ఈరోజు లుకేమియా వాళ్లకి కూడా అక్కరకొస్తోంది. దీని గురించి మనవాళ్లు మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోరు.

శ్రీను_నిజామాబాద్
ఇది మాకెవ్వరూ చెప్పలేదు. రేపు డాక్టర్‌ని అడుగుతా. టెస్టుల ఖర్చు ఆరోగ్యశ్రీలో వస్తదా?

సుజాత_ఖమ్మం
కీమో ప్యాకేజీ ఉంటుంది. టెస్టు, మాత్ర సంగతి ఆసుపత్రిని బట్టి మారుతోంది కాబట్టి అక్కడి ఆరోగ్యమిత్రనే అడగండి, అడ్మిషన్ రోజునే. నిమ్స్‌లాంటి చోటైతే సీఎం సహాయనిధి నుంచి ఎల్‌ఓసీకి (ఖర్చుకి హామీ లెటర్) కూడా పెట్టుకోవచ్చు. మందుల కంపెనీల పేషెంట్ సహాయ పథకాలు కూడా ఉంటాయి, డాక్టర్ సంతకం లేకుండా అవి కదలవు. అడగనిదే ఎవరూ చెప్పరు.

డల్లాస్_వేణు
మిడోస్టారిన్ ఎంత పనిచేస్తుందో కూడా చెప్పుకోవాలి. రాటిఫై ట్రయల్‌లో ఆ మాత్ర వాడినవాళ్ల మధ్యస్థ జీవితకాలం (సగం మంది బతికుండే కాలం) 74.7 నెలలు, వాడనివాళ్లది 25.6. దాదాపు మూడింతలు! అప్పు చేసైనా కొనాల్సిన మందు అని నా ఉద్దేశం.

హెమటో_రెసిడెంట్
@డల్లాస్_వేణు ఆ రెండు అంకెలు నిజమే, కానీ వాటిని చూపించి ఎవరికీ అప్పు చేయమని చెప్పకండి. అదే ట్రయల్‌లో నాలుగేళ్లకి బతికున్నవాళ్లు మాత్రతో 51.4 శాతం, మాత్ర లేకుండా 44.3 శాతం. నూటికి ఏడుగురు తేడా. గ్రాఫ్‌లో బతికున్నవాళ్ల శాతం చూపే రెండు గీతలూ సగం దగ్గరకొచ్చి చదునవుతాయి. ఒకటి సగానికి కాస్త పైన ఆగింది, ఇంకొకటి కాస్త కింద ఆగింది, అందుకే మధ్యస్థం లెక్క అంత దూరంగా పడింది. మంచి మందే, నేనూ రాస్తాను. ఏడుగురి ప్రాణాలంటే తక్కువ కాదు. కానీ మూడింతలు అన్నది కుటుంబాలకి తప్పుడు లెక్క.

డల్లాస్_వేణు
నూటికి ఏడుగురన్నా నేను కొంటాను. నాకు ఆ ట్రయల్‌లో నచ్చేది ఇంకోటి. ఆ 717 మందిని పట్టుకోవడానికి 17 దేశాల్లో 3,277 మందిని టెస్ట్ చేశారు, అదీ 2008లో మొదలెట్టి. శాంపిల్ అందిన 48 గంటల్లో ఫలితం చెప్పాలని పెట్టుకున్నారు. అప్పట్లోనే అంతమందికి కుదిరిన పని ఈరోజు ఒక పెద్ద ఆసుపత్రిలో ఎందుకు కుదరదు?

కిరణ్_తెనాలి
ఈ ప్రశ్నే నేను రేపు వాళ్లని అడుగుతా.

పద్మ అక్కా, మీరు చెప్పినట్టే సైటోజెనెటిక్స్ ల్యాబ్‌కి ఫోన్ చేశా. కణాలు ఫ్రీజర్‌లో ఉన్నాయన్నారు. డాక్టర్ లెటర్ ఉంటే ఇస్తారట, లెటర్ రాయించుకున్నాను. ఇంకో మాట, మా అక్క ఒకటే టెన్షన్ పడుతోంది, ఇది పిల్లలకి వస్తుందా అని. ఇద్దరు ఆడపిల్లలు. రేపు సంబంధాలప్పుడు జన్యువుల జబ్బు అంటారేమో అని ఏడుస్తోంది.

లత_విజయనగరం
ఆ భయం నాకు తెలుసు. మా ఇంట్లో మా అత్తగారు రిపోర్టులో "జన్యు మార్పు" అన్న మాట చూసి ఆ కాగితం బీరువాలో పెట్టి తాళం వేశారు.

హెమటో_రెసిడెంట్
ఎఫ్‌ఎల్‌టీ3 మ్యుటేషన్ పుట్టుకతో వచ్చింది కాదు. ఆయన మూలుగలో ఒక కణంలో, ఆయన పెద్దయ్యాక జరిగిన మార్పు. వీర్యకణాల్లో ఉండదు, పిల్లలకి పోదు. ఆడపిల్లలకి ఈ టెస్టు చేయించాల్సిన పని లేదు, ఎవరైనా చేయిద్దామన్నా ఒప్పుకోకండి. అక్కకి ఈ మాట గట్టిగా చెప్పండి.

జీనోమ్_రవి
ఒక చిన్న చేర్పు. ఏఎంఎల్‌లో కొద్దిమందికి వంశపారంపర్య జన్యువులు ఉంటాయి, డీడీఎక్స్41, రన్‌ఎక్స్1, సీఈబీపీఏ లాంటివి. ప్యానెల్‌లో అవి కనపడితే చర్మం శాంపిల్‌తో సరిచూస్తారు, ముఖ్యంగా తోబుట్టువు మూలుగ ఇచ్చే ముందు.

హెమటో_రెసిడెంట్
నిజమే, కానీ అది వేరే విషయం, ఎఫ్‌ఎల్‌టీ3తో కలపొద్దు. ఆ అక్కకి ఇప్పుడు కావాల్సింది ఒక్క జవాబే, పిల్లలకి రాదు.

నల్లమల22
మా ఫ్రెండ్ వాళ్లమ్మ రిపోర్టులో "ఐటీడీ నిష్పత్తి 0.3, తక్కువ" అని ఉంది. తక్కువ కాబట్టి మంచిదేనా?

హెమటో_రెసిడెంట్
అది మ్యుటేషన్ కాపీలకీ మామూలు కాపీలకీ మధ్య నిష్పత్తి. 2017 యూరప్ మార్గదర్శకాల్లో 0.5 కంటే తక్కువా ఎక్కువా అని చూసేవాళ్లు, తక్కువై ఎన్‌పీఎం1 మ్యుటేషన్ కూడా ఉంటే మంచి గుంపులో వేసేవాళ్లు. 2022లో అది తీసేశారు. ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ నిష్పత్తి సరిగ్గా కలవకపోవడం ఒక కారణం, మాత్రలు వచ్చాక లెక్క మారడం ఇంకో కారణం. ఇప్పుడు ఐటీడీ ఉంటే, ఇంకేవైనా చెడ్డ మార్పులు లేనంతవరకు, మధ్యస్థ రిస్క్. చికిత్స తర్వాత మిగులు రోగం ఎంత ఉందన్నదే ఎక్కువ చూస్తారు.

లత_విజయనగరం
మావారిది టీ(8;21) రకం ఏఎంఎల్, అంటే 8, 21 క్రోమోజోముల ముక్కలు తారుమారైంది. మంచి రకం అన్నారు, కానీ కిట్ టెస్టు చేయిస్తామంటున్నారు. అది కూడా ఇలాంటిదేనా?

హెమటో_రెసిడెంట్
అవును, కిట్ కూడా పైపొర రిసెప్టరే, ఎఫ్‌ఎల్‌టీ3కి దగ్గరి బంధువు. టీ(8;21), ఇన్వర్షన్ 16 (16వ క్రోమోజోములో ఓ ముక్క తలకిందులవడం) ఉన్నవాళ్లలో చూస్తారు. ముఖ్యంగా టీ(8;21)లో కిట్ ఉంటే తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని చాలా అధ్యయనాలు చెబుతాయి, కాబట్టి తర్వాతి పరీక్షలు మరింత దగ్గరగా చేస్తారు. భయపడాల్సింది కాదు, వదిలేయాల్సిందీ కాదు.

కిరణ్_తెనాలి
రిపోర్టు వచ్చింది. పాత శాంపిల్‌లో ఐటీడీ పాజిటివ్. పక్కన రెండో శిఖరం ఎంత స్పష్టంగా ఉందో ల్యాబ్ వాళ్లు గ్రాఫ్ కూడా పంపారు. మొదటి విడతలో మాత్ర వేయాల్సిన టైమ్ పోయింది. ఇప్పుడు ఉపయోగం ఉందా?

హెమటో_రెసిడెంట్
ఉంది. రాటిఫైలో మాత్రని మొదటి విడతలోనే కాదు, తర్వాతి కన్సాలిడేషన్ (రోగం తగ్గాక మళ్లీ ఇచ్చే కీమో) విడతల్లో కూడా ఇచ్చారు. మీ డాక్టర్‌తో రెండు విషయాలు ఈ వారమే మాట్లాడండి: తర్వాతి విడత నుంచి మాత్ర కలపడం, బావగారి అన్నదమ్ములకి హెచ్‌ఎల్‌ఏ. ఫంగస్ రాకుండా పోసకొనజోల్ ఇస్తుంటే గుర్తుచేయండి, అది రక్తంలో మిడోస్టారిన్ స్థాయిని పెంచుతుంది, గమనించుకుంటూ ఇవ్వాలి. ఎవరైనా ఆకుల కషాయాలు తెచ్చిస్తే డాక్టర్‌కి చెప్పకుండా పట్టొద్దు.

సుజాత_ఖమ్మం
మాత్ర తిన్నాక వేయండి, ఖాళీ కడుపున మా నాన్నకి వాంతులే వాంతులు. వాంతుల మాత్ర ముందు వేస్తే కాస్త నయం.

రమ్య_పుణె
ఈ థ్రెడ్ మొత్తం చదివాను. మా అమ్మకి రెండేళ్ల కిందట ఏఎంఎల్, అప్పుడు ఎఫ్‌ఎల్‌టీ3 నెగెటివ్, మూలుగలోనే చూశారు. ఇప్పుడు తిరగబెట్టింది. అప్పుడు నెగెటివ్ కాబట్టి మళ్లీ అక్కర్లేదని ఒకరు, చేయించాలని ఇంకొకరు.

హెమటో_రెసిడెంట్
చేయించాలి, సందేహమే వద్దు. తిరగబెట్టినప్పుడు పైకి వచ్చే కణాల గుంపు మొదటిదే కానక్కర్లేదు. అప్పుడు లేనిది ఇప్పుడు ఉండొచ్చు, ఉన్నది పోవచ్చు కూడా. పాజిటివ్ వస్తే గిల్టెరిటినిబ్ అనే మాత్ర ఉంది, తిరగబెట్టినవాళ్లకీ, కీమోకి లొంగనివాళ్లకీ ఆమోదించారు. అడ్మిరల్ ట్రయల్‌లో మామూలు కీమోతో మధ్యస్థం 5.6 నెలలు, దీంతో 9.3. ఐటీడీ, టీకేడీ రెండింటి మీదా పనిచేస్తుంది. క్విజార్టినిబ్ అని ఇంకోటుంది, అది ఐటీడీకే, టీకేడీ మీద పనిచేయదు, ఈసీజీ చూసుకుంటూ వాడాలి. కాబట్టి ఏ రకమో కూడా తెలియాలి.

రమ్య_పుణె
సోమవారం నుంచి కీమో అన్నారు. మళ్లీ మూలుగ తీయించాలంటే అమ్మ భయపడుతోంది.

ల్యాబ్_పద్మ
రక్తంలో బ్లాస్టులు కనపడుతున్నాయా? సీబీసీ, స్మియర్ రిపోర్టు చూడండి. ఉంటే మామూలు రక్తమే చాలు, మూలుగ కోసం అమ్మని ఇబ్బంది పెట్టక్కర్లేదు. మొదటి డోసు పడకముందే తీయించండి. పర్పుల్ ట్యూబు, ఫారంలో బ్లాస్టుల శాతం రాయించండి, "ఐటీడీ, టీకేడీ రెండూ" అని స్పష్టంగా రాయమనండి. కొన్నిచోట్ల ఐటీడీ ఒక్కటే చేసి పంపేస్తారు. ట్యూబుని ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

రమ్య_పుణె
నిన్నటి స్మియర్‌లో బ్లాస్టులు 38 శాతం అని ఉంది. అయితే రేపు శనివారమే రక్తం ఇప్పిస్తాను. ఆదివారం కొరియర్ ఉండదు కదా, పర్లేదా?

ల్యాబ్_పద్మ
పొద్దున్నే తీయిస్తే శనివారమే బయల్దేరుతుంది. ఎలాగూ కాకపోతే మామూలు ఫ్రిజ్‌లో పెట్టి సోమవారం మొదటి కొరియర్‌కి ఇవ్వండి, కానీ రక్తం మాత్రం కీమోకి ముందుదే అయ్యుండాలి.